కొత్త పిల్లి వస్తే పాత పిల్లికి ఏమైతది? అసూయ అనుకునేది అసలు జాగ పంచాయితీ

ప్రతి ఏడు వానలు షురూ అయినంక హన్మకొండల మా గల్లీల ఒక సీన్ పక్కా ఉంటది. ఎవరిదో స్కూటీ కిందనో, వాటర్ ట్యాంక్ వెనకనో తడిసి ముద్దయిన పిల్లి పిల్ల ఒకటి రాత్రంతా మొత్తుకుంటది. దాన్ని ఎత్తుకొచ్చేది కూడా ఇంట్ల ఆల్రెడీ పిల్లి ఉన్నోళ్లే, లేనోళ్లకు పట్టుకోవాలంటే భయం కదా. "మా దానికి తోడయితది" అని సంబురంగ తెచ్చి హాల్ల దింపుతరు. ఇంక గంటలోపే పాత పిల్లి సజ్జ ఎక్కి కూసుంటది, బుస కొడ్తది, రెండు రోజులు అన్నం ముట్టది, మూడో రోజు మంచం మీద ఉచ్చ పోస్తది. అప్పుడు ఫోన్లు షురూ. "దీనికి అసూయనా? కొట్టుకుంటే కొట్టుకోనియ్యాల్నా? ఎన్ని రోజులు పడ్తది?"

నేను కూడా అదే తప్పు చేసిన. మా బంటికి అప్పటికి నాలుగేండ్లు, ఇంటికి తనే దొర. నేను పిల్లను తెచ్చి సీదా హాల్ మధ్యల, వాని అన్నం గిన్నె పక్కనే దింపిన. బంటి తోక సీసాలు కడిగే బ్రష్ లెక్క లేసింది, చప్పుడు లేకుండ సజ్జ మీదికి ఎగిరింది. రెండో రోజు మా అమ్మ ఆ సజ్జ కింద నుంచి పోతుంటే అదే టైంకు లోపల పిల్ల మియావ్ అన్నది, బంటి దుంకి అమ్మ కాలు పట్టుకున్నది. అమ్మ ఏం చేసింది పాపం, ఏం చెయ్యలె. "నీ పిల్లి పిచ్చి నాకు సూదులు పొడిపిచ్చింది గదరా" అని ఇప్పటికీ అంటది. రేబిస్ టీకా కోర్స్ మొత్తం వేయించుకున్నం మరి, గోరు గీరినా పన్ను దిగినా ముందు సబ్బు పెట్టి 15 నిమిషాలు నల్లా కింద కడుగుడు, వెంటనే దవాఖానకు పోవుడు తప్పది. ప్రభుత్వ దవాఖానలల్ల ఆ టీకా ఉచితంగనే వేస్తరు.

బంటి ఎందుకట్ల చేసిందో తర్వాత మెల్లమెల్లగ అర్థమైంది. అదే ఇక్కడ మొదటి నుంచి చెప్తున్న.

## పిల్లి లెక్కల ఇల్లంటే గోడలు కాదు, వాసన హద్దులు

మనకు ఇల్లు కండ్లకు కనిపిస్తది. పిల్లికి ముక్కుకు కనిపిస్తది. అది తలుపు మూలకు, సోఫా కాలుకు, మన కాలి పిక్కకు బుగ్గ రాసుకుంట తిరుగుతది కదా, అదంతా ముద్దు అనుకుంటం మనం. ముద్దు ఉండొచ్చు కానీ పని వేరే. దాని బుగ్గల దగ్గర, గదువ కింద, నుదుటి మీద, తోక మొదట్ల వాసన గ్రంథులు ఉంటయి, పాదాల మెత్తల మధ్యల కూడ ఉంటయి. రాసిన ప్రతి చోటా ఒక గుర్తు మిగులుతది. పొలంల హద్దురాళ్లు పాతినట్టే అనుకోరి. సోఫాను గీకుడు కూడా గోర్లు పదును పెట్టుకునుడు ఒక్కటే కాదు, కంటికి కనిపించే గీత, ముక్కుకు తెలిసే వాసన రెండూ అక్కడ పడ్తయి.

ఈ వాసన రసాయనాలనే ఫెరోమోన్లు అంటరు. మామూలు ముక్కుతో పాటు పై దవడల, ముందు పండ్ల వెనక, జాకబ్సన్ అవయవం అని ఇంకోటి ఉంటది, ఫెరోమోన్లు పట్టేది ముఖ్యంగ అది. పిల్లి ఏదన్న వాసన చూసి నోరు సగం తెరిచి దిమ్మ తిరిగినట్టు ఒక్క క్షణం ఆగుతది చూసిండ్రా, అది వాసనను అక్కడికి పంపే పని.

ఇప్పుడు ఆలోచించండి. నాలుగేండ్లు కష్టపడి రాళ్లు పాతుకున్న జాగల, పొద్దున లేచేసరికి ఎవరో ముక్కుమొహం తెల్వనోడు నడి మధ్యల నిలబడ్డడు, వాని వాసన మన అన్నం గిన్నె దాకా వచ్చింది. మన దిక్కు దీన్ని కబ్జా అంటరు. కొత్త పిల్ల అర కిలో కూడ ఉండకపోవచ్చు, అయినా పాత పిల్లి చూసేది దాని సైజు కాదు, దస్తావేజు లేకుండ లోపలికి ఎట్లొచ్చిందని. మన ప్రేమ పంచుకోవాల్సి వస్తదని ఏడుస్తుంది అనుకునుడు మనిషి లెక్క. పిల్లికి ముందు గిన్నె, పడక, ఉచ్చకు, దొడ్డికి పోయే ఇసుక ట్రే, దాక్కునే చోటు, తప్పించుకునే దారి, ఇవి పోతయేమో అన్న బెంగ. మనం ఎత్తుకునుడు ఆ లిస్టుల ఉంటది కానీ కొంచెం కింద ఉంటది, వినడానికి మనకు బాధే.

## ఒంటరి జీవినా, గుంపు జీవినా

ఇంట్ల పిల్లికి మూలం ఆఫ్రికా, పశ్చిమాసియాల తిరిగే ఒక అడవి పిల్లి. అది ఒంటరిగ వేటాడ్తది, ఎలుక అంత చిన్న వేటను పంచుకునుడు కుదరదు కాబట్టి గుంపు కట్టే అవసరం పడలె. సైప్రస్ దీవిల సుమారు 9500 ఏండ్ల కిందటి ఒక సమాధిల మనిషి పక్కనే పిల్లి అస్థిపంజరం దొరికిందని 2004ల బయటపెట్టిండ్రు, అంటే మనతోని సోపతి అంత పాతది. అయినా కుక్క లెక్క, గుంపుల పుట్టి గుంపుల లొల్లి తెంపుకునే అలవాటు పిల్లికి వారసత్వంగ రాలె. కొట్లాడినంక రాజీ పడే సైగలు కుక్కలకు మస్తు ఉంటయి, పిల్లులకు చాలా తక్కువ. అందుకే వీటి మధ్య ఒక్కసారి గట్టిగ చెడితే అతుకుడు కష్టం.

కానీ "పిల్లులు ఒంటరి జీవులు, అంతే" అన్నా అది సగం నిజమే. కూరగాయల మార్కెట్ దగ్గర, చేపలమ్మే చోట, రైల్వే క్వార్టర్ల వెనక పది పదిహేను పిల్లులు కలిసి బతుకుడు మనం చూస్తనే ఉంటం. తిండి ఒక్క చోట బాగ దొరికితే అవి గుంపు కడ్తయి. ఆ గుంపు నడిమిట్ల ఉండేది ఎక్కువగ తల్లి, బిడ్డ, అక్కచెల్లెండ్లు, ఒకదాని పిల్లలకు ఇంకోటి పాలిచ్చుడు కూడ ఉంటది. ఒకదానికొకటి రాసుకుని, నాక్కుని, అందరిదీ కలిపి ఒక్కటే వాసన తయారు చేసుకుంటయి. ఆ వాసన లేని బయటి పిల్లి వస్తే అదే గుంపు తరిమి కొడ్తది. కొన్నిసార్లు ఆ బయటిది అంచుల్ల వారాలు, నెలలు తచ్చాడి మెల్లగ లోపలికి చేరుతది.

కొత్త పిల్లిని పరిచయం చేసే పద్ధతులన్నీ ఈ ఒక్క ముక్క నుంచే పుట్టినయి. గుంపు వాసన ముందు, ఒళ్లు తర్వాత.

## వేరే అర్రల పెట్టుడు: మొదటి కారణం రోగాలు

వేరే అర్రల పెట్టమంటే చాలామంది అలవాటు పడేందుకే అనుకుంటరు. డాక్టర్లు అసలు భయపడేది వేరే.

అన్నిటికంటే చెడ్డది పాన్‌ల్యూకోపీనియా, క్యాట్ పార్వో అని కూడ అంటరు. పిల్లలల్ల వాంతులు, విరేచనాలు, తెల్ల రక్తకణాలు పడిపోవుడు, చాలా మటుకు ప్రాణం పోవుడు. ఈ వైరస్ ఒంట్ల చేరినంక లక్షణాలు బయటపడనీకి మామూలుగ 2 నుంచి 10 రోజులు పడ్తది, నేల మీద, బట్టల మీద మాత్రం ఏడాది దాకా బతకగలదు. రెండు వారాలు వేరుగ ఉంచాలన్న మాట ఇక్కడి నుంచే వచ్చింది. హెర్పిస్, కాలిసి వైరస్‌లతోని వచ్చే తుమ్ములు, కండ్ల పుసులు ఇంకో బాధ. హెర్పిస్ ఒక్కసారి వస్తే ఒంట్లనే దాక్కుని ఉంటది, పిల్లికి టెన్షన్ అయినప్పుడల్లా మళ్ల తల ఎత్తుతది, అందుకే కొత్త పిల్లి వచ్చినంక పాత పిల్లి తుమ్మితే కొత్తదాన్నే తిట్టనక్కర్లేదు, అది పాతదాని ఒంట్ల ముందే ఉన్నది కావచ్చు. చర్మానికి వచ్చే తామర అయితే మనుషులకు కూడ అంటుకుంటది.

ఎఫ్ఐవీ (పిల్లులకు వచ్చే ఎయిడ్స్ లాంటి వైరస్), ఎఫ్ఈఎల్‌వీ (పిల్లుల ల్యుకేమియా వైరస్) అనే రెండు పేర్లు వినిపిస్తయి, రెండిటిని కలిపి గాబరా పడ్తరు. ఎఫ్ఐవీ ముఖ్యంగ లోతుగ కరిచిన గాయాల నుంచి పోతది. ఎఫ్ఈఎల్‌వీ ఉమ్మి నుంచి కూడ పోతది, అంటే నాక్కునుడు, ఒకే గిన్నెల తినుడు సరిపోతది. రెండూ మనుషులకు రావు. ఇంకో మెలిక ఏందంటే, ఆర్నెల్ల లోపు పిల్లకు ఎఫ్ఐవీ టెస్ట్ పాజిటివ్ వస్తే అది తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీల వల్ల కూడ కావచ్చు, పెద్దయినంక మళ్ల చూడాల్సిందే. ఎఫ్ఈఎల్‌వీల ఉల్టా, కొత్తగ అంటుకుంటే మొదటి టెస్ట్‌ల దొరకకపోవచ్చు, నెల దాటినంక మళ్ల చేస్తరు.

టీకా లెక్క ఒక ఉదాహరణతోని చూద్దాం. జులై 1న ఇంటికొచ్చిన పిల్లకు 8 వారాలు అనుకుందాం. ఆరోగ్యంగ ఉంటే అదే రోజు త్రీ ఇన్ వన్ టీకా (పాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్, కాలిసి మూడిటికి కలిపి వేసేది) మొదటి డోసు, జులై 29న 12 వారాలకు రెండోది, ఆగస్టు 26న 16 వారాలకు మూడోది. రేబిస్ టీకా 12 వారాలు నిండినంక. 16 వారాల దాకా ఎందుకు లాగుతరంటే, తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఒంట్ల ఉన్నంత సేపు టీకా సరిగ పట్టది, అది ఒక్కో పిల్లకు ఒక్కో టైంకు తగ్గుతది. జులై 15కు రెండు వారాలు అయిపోయినా ఈ పిల్లకు రక్షణ ఇంకా పూర్తి కాలె అన్నమాట. పాత పిల్లికి టీకాలు అప్‌డేట్‌గ ఉన్నయా లేదా అన్నది కూడ అంతే ముఖ్యం, మనోళ్లు ఎక్కువగ మర్చిపోయేది అదే.

ఇక్కడ ఒక పక్క మాట చెప్పి ముందుకు పోత. రోగం భయంతోని అర్రంతా ఫినాయిల్, డెటాల్ పెట్టి తుడుస్తరు. ఫినాల్ జాతి మందులను అరిగించుకునే శక్తి పిల్లి కాలేయానికి సరిగ లేదు, పాదాలకు అంటి, నాక్కుంటే విషమే. పార్వో మీద పనిచేసేది మామూలు బ్లీచ్, ఒక వంతు బ్లీచ్‌కు 32 వంతుల నీళ్లు, పిల్లిని బయటికి తీసి తుడిచి ఆరినంక లోపలికి పంపుడు.

## వాసన, సప్పుడు, చూపు, తాకుడు: ఈ వరుస ఎందుకు

డాక్టర్లు, ప్రవర్తన నిపుణులు చెప్పే మెల్ల పద్ధతి మెట్లు మెట్లుగ ఉంటది. ముందు తలుపు మూసి, ఒకదాని పడక బట్ట ఇంకోదాని దగ్గర పెట్టుడు. తర్వాత ఆ తలుపుకు రెండు దిక్కులా అన్నం పెట్టుడు, మొదట దూరంగ, రోజుకు కొంచెం దగ్గరగ. ఆ తర్వాత అర్రలు మార్చుడు, అంటే ఒక పూట కొత్తది హాల్ల, పాతది ఆ అర్రల. అటెన్క జాలి తలుపు నుంచో, కొంచెం తెరిచిన తలుపు సందు నుంచో చూసుకునుడు. ఆఖరికి ఒకే అర్రల, కొద్ది నిమిషాలు, ఆటతోనో తిండితోనో.

ఇదంతా ఒక పెండ్లి తంతు లెక్క కనిపిస్తది కానీ ప్రతి మెట్టు వెనక ఒక లెక్క ఉంది. తెల్వని వాసన ఒక్కటే వచ్చినప్పుడు పిల్లికి పారిపోయే టైం, వాసన చూసి మళ్లొచ్చే టైం ఉంటది, ఎదుట నిలబడి గుడ్లురిమేటోడు ఎవడూ లేడు కదా. బట్ట వాసన చూసి బుస కొట్టి పోతది, రెండో రోజు బుస కొట్టది, మూడో రోజు దాని మీదే పండుకుంటది. ఆ వాసన అప్పటికి "తెల్వనిది" అనే ఖాతాల నుంచి "ఇంట్లదే" అనే ఖాతాలకు మారింది. అర్రలు మార్చినప్పుడు కొత్తది తన బుగ్గ గుర్తులు హాల్ల పెడ్తది, పాతది పోయి వాటి మీద తనవి పెడ్తది, అట్ల ఎవ్వరూ ఎదురుపడకుంటనే గుంపు వాసన తయారైతది.

అన్నం పెట్టుడు గురించి నిపుణుల్లనే రెండు మాటలున్నయి. ఒకరు అంటరు, మంచి తిండితోని ఆ వాసన జతపడితే దాని మీద మంచి అభిప్రాయం కలుగుతదని. ఇంకొకరు అంటరు, పిల్లి సహజంగ ఒంటరిగ తినే జంతువు, తినేటప్పుడు ఇంకోదాని పక్కన నిలబెడితే అది ఆకలికి తింటది కానీ లోపల బిగుసుకునే ఉంటది, గబగబ మింగి పోతది, దాన్ని చూసి మనం "కలిసి తింటున్నయి, సెట్" అనుకుంటం అని. నాకు రెండో మాటల బరువు ఎక్కువ కనిపిస్తది. తలుపు రెండు దిక్కులా పెట్టుడు వేరు, గిన్నెలు పక్కపక్కన పెట్టుడు వేరు.

సాంబ్రాణి, అగరుబత్తుల సంగతి మన దిక్కు ప్రత్యేకం. కొత్త పిల్లి వచ్చిన వారమే ఇల్లంతా కడిగి, సాంబ్రాణి పొగ పట్టిస్తే మనకు శుభ్రం, పిల్లికి మాత్రం తన హద్దురాళ్ల మీద ఎవరో సున్నం కొట్టినట్టు.

## "వాటికవే చూసుకుంటయి" అనే మాటల నిజం ఎంత

మా పెద్దమ్మ వాళ్లది పరకాల దిక్కు ఊరు. "మా ఇంట్ల ఎప్పుడూ నాలుగు పిల్లులుండె, తలుపులు మూసి కర్టెన్లు కట్టి పరిచయం చేసినోడు ఎవడురా" అని నవ్వుతది. ఆమె అన్నది అబద్ధం కాదు. ఆ ఊర్లె పిల్లికి ఇల్లు, దొడ్డి, గడ్డివాము, పక్కింటి పెంకులు, అన్నీ దారులే. కొట్లాటల ఓడినది పక్క కప్పు మీదికి పోయింది, నెలకు వచ్చింది, లేదా మొత్తానికే రాలె. మనకు కనిపించిన శాంతి అంతా దూరం వల్ల వచ్చింది. ఇంకోటి, ఆ నాలుగు ఎక్కువగ ఒకే తల్లి పిల్లలు. పిల్లి తన పిల్లల్ని ఏడిండ్లు తిప్పుతదని ఊరికే అనలె, నచ్చని జాగ వదిలి పోవుడే దాని సహజమైన పరిష్కారం. నక్కలగుట్టల మూడో అంతస్తు ఫ్లాట్‌ల ఆ ఏడిండ్లు ఎక్కడున్నయి?

అయినా ఆ వాదనను మొత్తానికి కొట్టెయ్యలేం. కొన్ని పిల్లులు, ముఖ్యంగ చిన్న పిల్లలు, రెండు మూడు రోజులల్ల నిజంగనే కలిసిపోతయి. మెల్ల పద్ధతి అంటున్నదానికి ఆధారం చాలా మటుకు డాక్టర్ల అనుభవం, పిల్లి ప్రవర్తన మీద ఉన్న అవగాహన. రెండు పద్ధతులను ఎదురెదురుగ పెట్టి పెద్ద ఎత్తున పరీక్షించిన పరిశోధనలు తక్కువే. 2005ల అమెరికాల జంతువుల షెల్టర్ నుంచి పిల్లిని తెచ్చుకున్న ఇండ్ల మీద ఒక సర్వే అచ్చయింది. సుమారు సగం మంది మొదట్లనే గీరుడు, కరుచుడు జరిగిందని చెప్పిండ్రు. ఆడదా మగదా, వయసెంత, ఇంట్ల ఎన్ని పిల్లులున్నయి అన్నదానికి పెద్ద సంబంధం కనిపించలె, మొదటిసారి ఎదురుపడ్డప్పుడు ఎట్ల ప్రవర్తించినయి అన్నదానికి సంబంధం కనిపించింది. మెల్ల పద్ధతోళ్లు దీన్ని చూపించి మొదటి చూపు పాడుకాకుండ చూసుకోవాలంటరు. ఉల్టాగ కూడ చదవొచ్చు, కోపిష్టి పిల్లి మొదటిరోజూ కోపంగనే ఉంటది తర్వాత కూడ కోపంగనే ఉంటది, మొదటి రోజు కారణం కాదు గుర్తు మాత్రమే అని. నిజం రెండిట్ల కొంత కొంత ఉండొచ్చు, కానీ తప్పు జరిగితే పడే ఖర్చు మాత్రం సమానం కాదు. మెల్లగ పోతే పోయేది రెండు మూడు వారాలు, తొందరపడి చెడగొట్టుకుంటే మళ్ల మొదటికొచ్చి నెలలు పడ్తది.

## బుస కొడ్తే కొట్లాటేనా? అసలు లొల్లి సప్పుడు చెయ్యది

బుస కొట్టుడు చూసి మనం గాబరా పడ్తం. బుస అంటే "దగ్గరికి రాకు" అని చెప్పుడు, అంటే కొట్లాట తప్పించుకునే ప్రయత్నం. మొదటి రోజులల్ల అది మామూలే. మనకు కనిపించకుండ జరిగేదే ఎక్కువ నష్టం. ఒకటి ట్రేకు పోయే దారిల నడిమిట్ల పండుకుంటది, అంతే, ఇంకేం చెయ్యది. రెండోది ఆ దాటుడు దాటలేక ఉచ్చ ఆపుకుంటది, ఆఖరికి మంచం మీద పోస్తది. మనం రెండోదాన్ని కొడ్తం. మొదటిది "మంచి పిల్లి, ఊరికే పండుకుంది" అయితది. పాలు తాగుతూ కండ్లు మూసుకునే పిల్లి సామెత ఉంది కదా, ఇంట్ల దాదాగిరి చేసే పిల్లికి అది బాగ సరిపోతది. అమెరికా పిల్లి డాక్టర్ల సంఘం 2024ల ఇంట్ల పిల్లుల మధ్య టెన్షన్ మీదనే ఒక మార్గదర్శకం విడుదల చేసింది, అందుల కూడ కనిపించని సూచనల మీదనే గట్టిగ చెప్పిండ్రు, రెప్ప కొట్టకుండ చూసుడు, దారి అడ్డం పడుడు, ఒకటి వస్తే ఇంకోటి లేచి పోవుడు ఇట్లాంటివి.

ఆటకు, కొట్లాటకు తేడా చెప్పుడు కూడ అంత సులువు కాదు. 2023ల పిల్లుల వీడియోలు చూసి చేసిన ఒక అధ్యయనంల, సప్పుడు లేకుండ కుస్తీ పడుడు ఆట దిక్కు, అరుపులు, వెంటపడి తరుముడు లొల్లి దిక్కు ఎక్కువ కనిపించినయి, నడిమిట్ల రెండూ కలిసిన రకం కూడ ఉన్నది. వంతులు మారుతున్నయా అని చూసుడు మంచి గుర్తు. ఒకసారి ఇది పైన, ఒకసారి అది పైన అయితే ఆట. ఎప్పుడూ ఒక్కటే తరుముతుంటే, ఇంకోటి ఎప్పుడూ బీరువా కిందనే ఉంటే, ఆట కాదు.

మా అమ్మ కాలు కరిచినదానికి కూడ ఒక పేరుంది, దారి మళ్లిన కోపం అంటే సరిపోతది. కోపం ఒకదాని మీద, చేతికందింది ఇంకోటి. కిటికీల బయటి గండుపిల్లిని చూసి లోపలి రెండు కొట్టుకునుడు, దీపావళి లక్ష్మీ బాంబు పేలినప్పుడు పక్కనున్నదే కారణమనుకునుడు, ఇవన్నీ ఆ రకమే. ఏండ్ల నుంచి కలిసున్న పిల్లుల్ల ఒకదాన్ని ఆపరేషన్‌కు తీసుకపోయి తెస్తే ఇంకోటి గుర్తుపట్టనట్టు బుస కొడ్తది, మందుల వాసన వల్ల దాని లెక్కల అది వేరే పిల్లి.

రెండు సంగతులు మాత్రం ప్రవర్తన లెక్కల పడెయ్యద్దు. మగ పిల్లి మాటిమాటికి ట్రేకు పోయి ముక్కుతుంది, ఉచ్చ వస్తలేదు అంటే మూత్రనాళం మూసుకపోయి ఉండొచ్చు, టెన్షన్ వల్ల వచ్చే మూత్రాశయ వాపు కూడ దాన్ని తెస్తది, ఒకటి రెండు రోజులల్ల ప్రాణం పోవచ్చు, అది అదే గంట పశువుల డాక్టర్ దగ్గరికి పోవాల్సిన కేసు. రెండోది, అలిగి తింటలేదనుకునుడు. పెద్ద పిల్లి, అందుల బొద్దుగ ఉన్నది, రెండు మూడు రోజులు ఏం తినకుంటే కాలేయంల కొవ్వు చేరి అదే పెద్ద జబ్బయితది.

## మూడు ఇండ్లు, మూడు లెక్కలు

పిల్లులు ఎన్ని ఉంటే ట్రేలు అంతకంటే ఒకటి ఎక్కువ ఉండాలన్నది వినే ఉంటరు. రెండు పిల్లులకు మూడు. అయితే మూడూ బాత్రూంల వరుసగ పెడితే పిల్లి లెక్కల అది ఒక్కటే ట్రే, తలుపు దగ్గర ఒకటి కూసుంటే మూడూ బంద్. లెక్కకు వచ్చేది సంఖ్య కంటే దారులు.

మొదటి ఇల్లు, హన్మకొండల డబుల్ బెడ్రూం ఫ్లాట్, నాలుగేండ్ల మగ పిల్లి, పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ అయింది, కొత్తగ మూడు నెలల ఆడ పిల్ల. జాగ సరిపోతది, ఒక బెడ్రూం మొత్తం పిల్లకు ఇయ్యొచ్చు. ఇక్కడ లొల్లి వేరే కాడ మొదలైతది. మే నెల వరంగల్ ఎండల ఇంట్ల కూలర్ ఒక్కటే, అది ఆ బెడ్రూంలనే ఉంది. కొత్తదాన్ని అందుల పెడితే పాతదాని ఎండకాలపు గద్దె పోయినట్టే, హాల్ల పెడితే వేరు చేసినట్టు కాదు. కూలర్ లేని అర్రల కొత్తదాన్ని పెట్టి, తడి గోనె, ఫ్యాన్ ఏర్పాటు చేసినోళ్లున్నరు, పాతదాని వాడకంల లేని అర్ర ఏదో అది ఎంచుకున్నరన్నమాట. ఈ వయసు తేడాల ఇంకో సంగతి, పిల్లకు రోజంతా ఆట కావాలె, నాలుగేండ్లదానికి నిద్ర కావాలె. అందుకే కొందరు ఒకటి కంటే రెండు పిల్లలు తెచ్చుకునుడే నయం, అవి రెండూ ఒకదాంతోని ఒకటి ఆడుకుని పెద్దదాన్ని వదిలేస్తయి అంటరు. నిజమే, కానీ ఖర్చు, టీకాలు, ట్రేలు అన్నీ ఆ లెక్కన పెరుగుతయి.

రెండోది గిర్మాజీపేటల పాత ఇల్లు, రైలు డబ్బాల లెక్క అర్ర వెనక అర్ర, వెనకకు పోవాలంటే అన్నీ దాటాల్సిందే. తలుపులున్నా మూస్తే మనుషులకే దారి లేదు. నడి అర్రల కూసున్న పిల్లి మొత్తం ఇంటికి గేటు కీపర్. ఇట్లాంటి ఇంట్ల నేల మీద దారి పెంచలేం, పైన పెంచొచ్చు. సజ్జలు, తనాబీలు, బీరువా పైభాగం, వీటిని కలుపుతూ ఒక స్టూలో, చెక్కో పడితే రెండో దారి పుట్టినట్టే. పిల్లి కొలిచేది చదరపు గజాలు కాదు, ఎత్తు కూడ లెక్కే. పరిచయం రోజులల్ల పెద్ద పంజరం వాడుడు ఇట్లాంటి ఇండ్లల్లనే ఎక్కువ. అందుల కూడ అభిప్రాయ భేదం ఉంది, దానికి బట్ట కప్పి దాక్కునే జాగ ఇస్తే పర్లేదు, లేకుంటే లోపలున్నది పారిపోలేక బిగుసుకపోతది అంటరు.

మూడోది కాజీపేట దిక్కు ఇండిపెండెంట్ ఇల్లు, ఆల్రెడీ మూడు పిల్లులు, సగం బయటే తిరుగుతయి. నాలుగోది తెస్తే ఏమైతది, ఒక్కటే కదా పెరిగేది అనుకుంటం. జతలు లెక్కపెట్టండి. రెండు పిల్లులుంటే సంబంధం ఒక్కటే, మూడుంటే మూడు, నాలుగుంటే ఆరు, ఐదుంటే పది. ఒక పిల్లి కలిపితే మూడు కొత్త సంబంధాలు సెట్ కావాలె, పైగా ముందున్న మూడూ కదులుతయి, ఎందుకంటే ఒకటి కొత్తదాంతోని కలిస్తే దాని వాసన మారుతది. ఇక్కడ అందరికీ ఒక్కసారి చూపించకుండ, మెత్తటి గుణం ఉన్నదానితోని ముందు మొదలుపెట్టి, ఒక్కొక్క జతను కలుపుకుంట పోతరు. ఇంకో చిక్కు, బయట తిరిగేటియి రోజూ కొత్త వాసనలు మోసుకొస్తయి, రోగాలు కూడ.

## ఆపరేషన్, ప్లగ్ల పెట్టే ఫెరోమోన్

ఆపరేషన్ కాని గండుపిల్లి గోడలకు ఉచ్చ కొట్టుడు, తరుముడు ఎక్కువ చేస్తది, ఇదైతే అందరూ ఒప్పుకునే మాట. ఆపరేషన్ అయినంక పదింట్ల సుమారు తొమ్మిది మగ పిల్లులు ఉచ్చ కొట్టుడు బాగ తగ్గిస్తయి లేదా మానేస్తయి. అయితే తెల్లారే మారది, హార్మోన్లు దిగనీకి వారాలు పడ్తది, ఆ వారాలల్ల ఆడ పిల్లిని కట్టే శక్తి కూడ ఉండొచ్చు. ఆడ పిల్ల నాలుగు నుంచి ఆరు నెలలకే ఎదకు రావచ్చు. "చిన్నదే కదా" అనుకున్న ఇండ్లల్లనే రెండు నెలలకు ఐదు పిల్లలు కనిపిస్తయి. కడుపు మోసేది 63 నుంచి 65 రోజులే మరి.

కరెంట్ ప్లగ్ల పెడితే ఫెరోమోన్‌ను గాలిల వదిలే డిఫ్యూజర్ల మీద మాత్రం ఏకాభిప్రాయం లేదు. 45 ఇండ్ల మీద జరిగి 2019ల అచ్చయిన ఒక చిన్న ట్రయల్‌ల కొట్లాటలు తగ్గినట్టు కనిపించింది. చిన్నది కాబట్టి దాని మీదే భారం మొత్తం వెయ్యలేం. ఇంకోటి, కిటికీలు తెరిచి, ఫ్యాన్లు ఫుల్లు పెట్టే మన ఇండ్లల్ల ఆ వాసన ఎంతసేపు నిలుస్తది అన్నది ఆలోచించాల్సిందే. సాయపడొచ్చు, ట్రేలు, దారులు, టైం బదులు అయితే నిలబడది.

## "సెట్ అయినయి" అంటే ఏం లెక్క

ఒకదాని మీద ఒకటి తల పెట్టుకుని పండుకున్న ఫోటో చూసి అదే గమ్యం అనుకుంటం. చాలా జతలు అక్కడికి ఎప్పుడూ చేరవు, అయినా హాయిగనే బతుకుతయి. రెండూ కడుపునిండ తింటున్నయి, ట్రేనే వాడుతున్నయి, ఒళ్లు నాక్కుంటున్నయి, ఒకటి అర్రలకు వస్తే ఇంకోటి లేచి పోతలేదు, ఇంతుంటే డాక్టర్ల లెక్కల కూడ అది సక్సెసే. కొన్నిటికి రెండు వారాలు, కొన్నిటికి ఆర్నెల్లు. ఎంత చేసినా కొన్నిటికి కుదరది, అప్పుడు ఇంటిని రెండు భాగాలు చేసుకునుడో, కొత్తదానికి ఇంకో మంచి ఇల్లు చూసుడో మిగుల్తది. దాన్ని ఓటమి అనెటోళ్లున్నరు. పిల్లిని రోడ్డు మీద వదిలిపెట్టుడుకు, తెలిసినోళ్ల ఇంట్ల చేర్చుడుకు తేడా లేదా మరి.

మా ఇంట్ల సంగతంటరా, నేను మళ్ల మొదటికొచ్చి, పిల్లను వెనక అర్రల పెట్టి, బట్టలు మార్చి, తలుపు సందు నుంచి చూపించి, మొత్తం పదకొండు వారాలు పట్టింది. పిల్ల పేరు గోలి, ఇప్పుడు దానికి మూడేండ్లు దాటినయి. బంటి దాన్ని ఇప్పటిదాకా ఒక్కసారి కూడ నాకలె. ఎండకాలం మధ్యాహ్నం కూలర్ ముందు మాత్రం రెండూ పండుకుంటయి, ఇది ఈ చివర, అది ఆ చివర, నడిమిట్ల మా అమ్మ.